దెయ్యం పోస్టు – అదనపు బాధ్యతలు

ప్రజా విన్నపాల సత్వర పరిష్కార కార్యాలయం డైరెక్టరు పరాంకుశం గారు అరకులో శిక్షణకి వెళ్లి, వస్తూ వస్తూ అందరిలాగా కాఫీ పొడో, వెదురు బుట్టో తీసుకురాలేదు. ఒక ఆట తెచ్చారు. శిక్షణకి వెళ్లిన పెద్దలు తేవాల్సినవి తెస్తే ఆఫీసులకి ఏ బాధా ఉండదు. పొరపాటున ఏదైనా నేర్చుకుని వచ్చారా, ఇక కిందివాళ్ల పని అయిపోయినట్టే.

ఆ ఆట పేరు బూజు బంగ్లా. కంప్యూటర్‌లో ఆడాలి, పదిమందీ కలిసి ఆడాలి. తెర మీద ఓ పాడుబడ్డ బంగ్లా ఉంటుంది. అందులో ఒకరు దెయ్యం. తక్కినవాళ్లు మంచాల కిందా, బీరువాల్లోనూ, మెట్ల చాటునా దాక్కోవాలి. చెవులకి తగిలించుకున్న హెడ్‌సెట్‌లో చిన్న మైకుంటుంది. గట్టిగా ఊపిరి పీల్చినా దెయ్యానికి వినబడిపోతుంది. దొరికినవాడు ఔట్. చివరిదాకా ఎవరి కంటా పడకుండా ఉన్నవాడు మొనగాడు. ఊళ్లో కుర్రాళ్లు కేకలు పెట్టుకుంటూ ఆడుకునే ఆటే ఇది. కాకపోతే కుర్రాళ్లు ఆడితే ఆట, ఆఫీసు ఆడితే పథకం.

"మిత్రులారా!" అన్నారు పరాంకుశం గారు మీటింగు హాల్లో. "ఉద్యోగి యొక్క మనుగడ సామర్థ్యాన్ని శాస్త్రీయంగా మదింపు చేయుటకు ఇంతకు మించిన సాధనము భూమండలమ్మీద లేదు. ఏకాగ్రత, మౌనము, అదృశ్యత. ఈ మూడు గుణములూ అలవడిన ఉద్యోగిని ఏ విపత్తూ ఏమీ చేయజాలదు. కావున ఈ సంవత్సరము బదిలీలకు సీనియారిటీ, అనారోగ్యము, భార్యాభర్తల కేసులు వంటి కాలము చెల్లిన ప్రాతిపదికలు రద్దు చేయడమైనది. ఇక మీదట మనుగడ మార్కులే కొలమానము."

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న సీనియర్ అసిస్టెంటు చిట్టూరి వరహాలరావు కూడా కొట్టాడు గానీ, చప్పుడు రాలేదు. భార్యాభర్తల కేసు అంటే అతని కేసే మరి. అతను విజయనగరంలో, భార్య రత్నమాల తణుకులో. ఆవిడ అక్కడ టీచరు. నెలలు నిండుతున్నాయి. ఆవిడకి తోడుగా అతని అత్తగారు ఉన్నారన్న మాటే గానీ, మోకాళ్ల నొప్పులతో ఆవిడకే ఒకరు చెయ్యందించాలి. తణుకు శాఖలో ఒకే ఒక ఖాళీ ఉంది. ఆ కుర్చీ మీద ఆశ పెట్టుకునే వరహాలరావు ఇన్నాళ్లూ మెస్సు సాంబారు మింగుతున్నాడు. పోనీ సెలవు పెడదామా అంటే, శిక్షణ కాలంలో సెలవు పెట్టినవాడు ఆటలోంచి పారిపోయినట్టేనని, బదిలీకి అనర్హుడని మీటింగులో పంచిన సర్క్యులర్‌లోనే రాసి ఉంది.

ఆట మొదలవ్వాలంటే ముందు దెయ్యం ఎవరో తేలాలి. అక్కడే పెద్ద చిక్కు వచ్చింది. దెయ్యం ఏ కేడరు? గెజిటెడ్ దెయ్యమా, నాన్ గెజిటెడ్ దెయ్యమా? గుమాస్తా దెయ్యమై సూపరింటెండెంటు గారిని పట్టుకుంటే క్రమశిక్షణ ఏం కాను? హెడ్డాఫీసుని వివరణ అడిగారు. హెడ్డాఫీసు ఎన్నడూ లేనంత చురుగ్గా జవాబిచ్చింది: 'దెయ్యము పోస్టు ప్రభుత్వముచే మంజూరు కాలేదు. కావున ప్రస్తుత సిబ్బందిలో ఒకరికి అదనపు బాధ్యతలుగా అప్పగించుకొనవలెను. ఇందుకు ప్రత్యేక భత్యము చెల్లింపబడదు.' బాధ్యతలు కిందికి జారీ జారీ అటెండరు సింహాచలం దగ్గర ఆగాయి.

"నాను దెయ్యాన్నేటి బావూ? మా ఇంటిదానికి తెలిస్తే ఊరుకోదు," అని మొత్తుకున్నాడు సింహాచలం.

"ఇన్‌చార్జి దెయ్యానివేనయ్యా, శాశ్వతం కాదు," అని నచ్చజెప్పి హెడ్‌సెట్ తగిలించారు.

మొదటి ఆటలో అందరికంటే ముందు దొరికిపోయింది వరహాలరావే. అతనికో జబ్బుంది. ఎవరైనా పిలిస్తే పలుకుతాడు. ప్రభుత్వ ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లయినా ఆ జబ్బు నయం కాలేదు. తెర మీద చీకట్లో లాంతరు పట్టుకుని తిరుగుతున్న సింహాచలం, "ఎవులైనా ఉన్నారేటి?" అన్నాడో లేదో, బీరువాలో ఉన్న వరహాలరావు, "నేనేనండీ, వరహాలరావుని, చెప్పండి," అన్నాడు. రెండో ఆటలోనూ అంతే. మూడో ఆటలో మూతి బిగబట్టుకుని కూర్చున్నాడు గానీ, పక్క గదిలో దొరికిన జూనియర్ అసిస్టెంటు కెవ్వుమంటే, "అయ్యో, దెబ్బ తగిలిందా అమ్మా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఆఫీసులో దాక్కోవడం అంటే సూపరింటెండెంటు లలితాంబ గారే దాక్కోవాలి. పదేళ్లుగా ఆవిడ సీట్లో హ్యాండ్‌బ్యాగు ఉంటుంది, కళ్లజోడు ఉంటుంది, సగం తాగిన టీ ఉంటుంది. ఆవిడ మాత్రం ఉండరు. అడిగితే 'ఇప్పుడే ఇక్కడే ఉన్నారే' అంటారు. అలాంటి మనిషికి బూజు బంగ్లా ఒక లెక్కా? ప్రతి ఆటలోనూ ఆవిడే మొదటి స్థానం. ఆవిడక్కూడా తణుకే కావాలి. అక్కడ ఇల్లు కట్టుకుంటున్నారు. ఈ సంగతి తెలిశాక వరహాలరావు గుండెల్లో రాయి పడింది. అయినా వేరే దారి లేక వెళ్లి ఆవిడ్నే అడిగాడు.

"మేడమ్ గారూ, కాస్త కిటుకులు చెబుదురూ."

లలితాంబ గారికి జాలేసింది. పైగా గురువు అనిపించుకోవడం ఎవరికి చేదు?

"ఒరే నాయనా, విను. మంచి చోటు చూసుకుని దాక్కోకు. మంచి చోటని నీకు అనిపించిందంటే దెయ్యానికీ అనిపిస్తుంది. ఇంకొకడున్న చోట అసలు దూరకు. రెండోవాడు తుమ్ముతాడు. దెయ్యం వెతికి వెళ్లిపోయిన గదిలోకి వెనకాలే వెళ్లి కూర్చో. వెతికేసిన చోటుకి మళ్లీ రాదు. తోటివాడు దొరికిపోతే చూసి బాధపడకు, ఆ సందట్లో చోటు మార్చుకో. అన్నిటికంటే ముఖ్యం, పిలుపు నిన్ను కాదనుకో. ఎవరు పిలిచినా, ఏమని పిలిచినా, అది వేరేవాళ్ల కోసం. ఈ ఒక్కటి వంటబట్టిందా, నిన్ను ఎవరూ ఏమీ పీకలేరు."

వరహాలరావు పట్టుదలగా సాధన చేశాడు. మెస్సులో సర్వరు "అన్నం పెట్టమంటారా సార్?" అంటే పలక్కుండా ఆకలితో లేచిపోయాడు. రత్నమాల ఫోన్ చేసి "ఏమండీ... ఏమండీ... వినబడుతోందా?" అంటే పళ్ల బిగువున ఊరుకున్నాడు. "సిగ్నల్ లేదు కాబోలు," అని ఆవిడ పెట్టేశాక తలుపు వేసుకుని ఏడ్చాడు. వారం తిరిగేసరికి పలికే జబ్బు చాలావరకు తగ్గుముఖం పట్టింది.

ఇంతలో కంప్యూటర్లు పోయాయి. పాపం, అర్జీలు టైపు కొట్టుకోవడానికి ఇచ్చిన ముసలి యంత్రాలవి. దెయ్యాన్ని మొయ్యలేక ఒకటొకటే పొగ కక్కి చచ్చిపోయాయి. ఆట ఆగిపోతుందని కొందరు లోలోపల సంతోషించారు. అంత అమాయకులు కూడా ఉంటారు.

మర్నాడే కొత్త సర్క్యులర్ వచ్చింది. లలితాంబ గారు చదువుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు.

'సాంకేతిక లోపముల వలన శిక్షణకు అంతరాయము కలుగరాదు. మన కార్యాలయ భవనము నందు చీకటి గదులు గలవు, బూజు గలదు, తలుపులు కిర్రుమనును. కావున ఇక మీదట శిక్షణ భవనము నందే నిర్వహింపబడును. దెయ్యము విషయమై: కార్యాలయములో సంచరించుచూ, ఉద్యోగులను వెదకుచూ, కనబడినంతనే మీదికి వచ్చువారెవరు? ప్రజలు. కావున శిక్షణ నిమిత్తము ప్రజలను దెయ్యముగా పరిగణించవలెను. ప్రజల కంటబడిన ఉద్యోగి ఔట్ అయినట్లు. శిక్షగా అట్టి వారు కౌంటరులో కూర్చుని అర్జీలు పరిష్కరించవలెను. దాగియున్న ఉద్యోగిని మరొక ఉద్యోగి వెదకి పట్టుకొనిన యెడల, సదరు వెదకిన ఉద్యోగి సైతము దెయ్యమే.'

"మరి నాను?" అన్నాడు సింహాచలం.

"నీ అదనపు బాధ్యతలు ప్రజలకి బదలాయించారయ్యా."

సింహాచలం వెంటనే వెళ్లి కొబ్బరికాయ కొట్టాడు.

ఆ రోజు నుంచీ ఆఫీసు చూడముచ్చటగా తయారైంది. పదిన్నరకి అందరూ టంచనుగా వచ్చేవారు. సంతకం పెట్టి మాయమైపోయేవారు. జూనియర్ అసిస్టెంటు నీళ్ల ట్యాంకు వెనక, అకౌంటెంటు జనరేటరు గదిలో, లలితాంబ గారు మీటింగు హాలు బల్ల కింద దిండు వేసుకుని. పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఆఫీసంతా తిరిగి, ఒక్క మనిషీ కనబడక, 'శిక్షణ అద్భుత ఫలితాలనిస్తోంది' అని రాసి వెళ్లిపోయాడు.

ఔటైనవాళ్లు మొదట్లో ఇద్దరు ముగ్గురుండేవారు. వాళ్లు కౌంటర్లో తలొంచుకుని అర్జీలు చూస్తుంటే, చాటు నుంచి మిగతావాళ్లు జాలిగా చూసేవారు. "పాపం, పిల్లలు గలవాడు," అనుకునేవారు. రెండు రోజులు పని చేసేసరికి పనికి తట్టుకోలేక ఆ ఇద్దరు ముగ్గురూ సిక్ లీవు పెట్టేశారు. ఔటయ్యాక మార్కుల భయం ఏముంది? కౌంటరు ఖాళీ అయింది.

వరహాలరావు రికార్డు గదిని ఎంచుకున్నాడు. పాత కాగితాల కట్టల వెనక, గోడకీ బీరువాకీ మధ్య సందులో. అక్కడ తుమ్ము వస్తే ముక్కు నొక్కుకునేవాడు, దోమ కుడితే కుట్టనిచ్చేవాడు.

ఒకరోజు ఆ గదిలోకి ఓ ముసలమ్మ వచ్చింది. పేరు కోరాడ అప్పలనర్సమ్మ. వాళ్ల వీధి కుళాయి ఎండిపోయి చాన్నాళ్లయింది. చేతిలో అర్జీ కాగితంతో, కట్టె పొడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బావూ! ఎవులైనా ఉన్నారేటి? దీని మీద ఒక్క ముద్దరేస్తే సాలట. ఆపీసరు బావూ!"

వరహాలరావుకి గొంతు దాకా వచ్చేసింది, 'చెప్పమ్మా' అనే మాట. రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఇల్లంతా మనుసుల వాసనుంది, ఒక్క మనిసీ లేడు. ఏం ఇడ్డూరమో తల్లీ!" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. కట్టె చప్పుడు వరండా చివరిదాకా వినబడింది. వరహాలరావుకి సిగ్గేసింది. తన మీద తనకే రోత పుట్టింది. 'ఒక్క స్టాంపు. ఎంతసేపు పని? ఛీ, వెధవ బతుకు,' అనుకున్నాడు. కానీ కళ్ల ముందు రత్నమాల పొట్ట పట్టుకుని తణుకు ఆస్పత్రి మెట్లెక్కుతున్నట్టు కనబడింది. రుమాలు ఇంకాస్త లోపలికి కుక్కుకున్నాడు.

మిగతావాళ్లూ ఒకరి తరవాత ఒకరు జనం కంటబడి, ఔటై, సిక్ లీవు పెట్టగా సిబ్బందిలో చివరికి మిగిలింది ఇద్దరే. లలితాంబ గారూ, వరహాలరావూ. అంతటి లలితాంబ గారూ తిండి దగ్గర దెబ్బతిన్నారు. బల్ల కింద టిఫిన్ డబ్బా మూత తీశారు. ఉల్లికారం పెట్టి వేయించిన గుత్తొంకాయ కూర. ఆ ఘుమఘుమకి మీటింగు హాల్లోకి వచ్చిన ఓ రైతు బల్లగుడ్డ ఎత్తి, "అమ్మా, పట్టాదారు పుస్తకం గురించి... ముందు భోంచేయండి, నేనాగుతాను," అన్నాడు. ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అలా మొనగాడు వరహాలరావు అయ్యాడు. నోటీసు బోర్డులో పేరు వేశారు. తణుకు ఖాళీ అతనిదే. బదిలీ ఉత్తర్వు టైపు కూడా అయిపోయింది. దాని మీద డైరెక్టరు గారి సంతకం ఒక్కటే తరువాయి. కాగితం పట్టుకుని పరుగున వెళ్లాడు.

డైరెక్టరు గారు లేరు.

"ఆయన కూడా ఆట్లో దిగినారు కద బావూ," అన్నాడు సింహాచలం. "నాయకుడు ముందుండి నడిపించాలట. సోమారం పొద్దున కారు దిగినాడు, అదిగో ఆ గుమ్మం దాటినాడు. అంతే. డ్రైవరు రోజూ సాయంత్రం దాకా చూసి చూసి ఖాళీ కారేసుకుని ఎల్లిపోతున్నాడు."

"ఇంటికి వెళ్లడం లేదా?"

"ఆటోలో ఎల్తన్నారట. ఏ ఏళకో, ఏ గుమ్మంలోంచో."

అప్పుడే ఫోన్ మోగింది. రత్నమాల. ఈసారి వరహాలరావు టపీమని తీశాడు.

"ఏమండీ, డాక్టరమ్మ చూసింది. ఈ రెండు మూడు రోజుల్లోనేనట. నాకు భయంగా ఉందండీ. మీరెప్పుడొస్తున్నారు?"

"వచ్చేస్తున్నా రత్నా. ఒక్క సంతకం."

ఫోన్ పెట్టేసి నిలబడ్డాడు. తనే వెతికి పట్టుకుంటే తను దెయ్యమైపోతాడు. వెతక్కపోతే సంతకం లేదు, తణుకు లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. దెయ్యమైతే అయ్యాను లెమ్మనుకుని వెతకడం మొదలుపెట్టాడు.

రికార్డు గది, జనరేటరు గది, నీళ్ల ట్యాంకు, మేడ మెట్లు, పాత జీపు, పక్షులు గూళ్లు కట్టిన వెంటిలేటర్లు, అన్నీ గాలించాడు. అతని అడుగుల చప్పుడుకి, సెలవులు ముగించుకొచ్చి వచ్చే ఏటి పోటీకి సాధన చేసుకుంటున్న ఉద్యోగులు ఎక్కడివాళ్లక్కడ ఊపిరి బిగబట్టారు. డైరెక్టరు గారు మాత్రం లేరు. అలిసిపోయి వరండా మెట్ల మీద కూలబడ్డాడు.

'మేం వెళ్లే చోట్లన్నీ వెతికాను. ఈ ఆఫీసులో మేం ఎవరమూ పోని చోటు ఏదైనా ఉందా?' అనుకున్నాడు. ఉంది. ఎప్పట్నుంచో ఉంది. ఏ ఉద్యోగీ తలుపు కూడా తోసి చూడని చోటు. అర్జీదారులు కూర్చునే హాలు.

వెళ్లి తలుపు తోశాడు. హాలు కిటకిటలాడుతోంది. బెంచీల మీద, నేల మీద, కిటికీ గట్ల మీద జనం. మూలన నెత్తిన తువ్వాలు కప్పుకుని, చేతిలో టోకెను పట్టుకుని ఒకాయన ఒదిగి కూర్చున్నారు. పక్కన అప్పలనర్సమ్మ ఆయనకి మూటలోంచి జంతికలు తీసి పెడుతోంది. చూస్తే పరాంకుశం గారే.

"సార్!"

"ష్! నెమ్మది!" అన్నారు డైరెక్టరు గారు తువ్వాలు ముందుకు లాక్కుంటూ. "అద్భుతమైన చోటు కనిపెట్టానయ్యా. నాలుగు రోజులు. ఒక్క ఉద్యోగి ఇటు కన్నెత్తి చూస్తే ఒట్టు."

"సార్, ఈ కాగితం మీద ఒక్క సంతకం..."

"ఆపీసరు బావువా నువ్వు?" అంది అప్పలనర్సమ్మ ఉలిక్కిపడి. "నాలుగు దినాలబట్టీ నా కట్టమంతా నీతోనే సెప్పుకుంటన్నానే! ఊఁ కొట్టినావు, జంతికలు తిన్నావు, ఆపీసర్నని ఓపాలైనా సెప్పలేదేటి?"

ఆ మాట హాలంతా పాకింది. అంత జనమూ లేచి నిలబడ్డారు. దెయ్యాలన్నీ ఒక్కసారి కాగితాలు ఊపుకుంటూ మీదికి వస్తుంటే పరాంకుశం గారు గోడకి అంటుకుపోయారు. పారిపోయే దారి లేదు. ఔట్!

నియమం నియమమే. డైరెక్టరు గారిని కౌంటర్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఆయన సిక్ లీవు పెట్టడానికి లేదు, మంజూరు చెయ్యాల్సింది ఆయనే, ముందు ఈ జనం వదలాలి కదా. మొట్టమొదట అప్పలనర్సమ్మ అర్జీ మీద స్టాంపు పడింది. వరహాలరావు కాగితం ముందుకు చాపబోతే వెనక నుంచి ఎవరో, "లైను, లైను! మేమంతా ఎర్రోళ్లమేటి?" అన్నారు. వెళ్లి అందరికంటే చివర నిలబడ్డాడు. తమ ఆఫీసులో లైన్లో నిలబడితే కాళ్లు ఎంత లాగుతాయో అతనికి ఆ రోజే తెలిసింది.

సాయంత్రానికి వంతు వచ్చింది. పరాంకుశం గారు వేళ్లు విరుచుకుని, కాగితం చదివి, తల అడ్డంగా ఊపారు.

"ఇది చెల్లదు, వరహాలరావు గారూ. నన్ను వెదకి పట్టుకున్నది మీరు. కనుక మీరిప్పుడు ఉద్యోగి కారు, దెయ్యము. దెయ్యము బంగ్లా విడిచి వెళ్లుటకు ఆటలో వీలు లేదు. దెయ్యానికి బదిలీ ఉండదు."

"సార్, నా భార్య పురిటికి..."

"మీ బాధ నాకు అర్థమైంది. నిజంగానే అయింది. ఈ హాల్లో నాలుగు రోజులు కూర్చుంటే బాధలు అర్థమవడం మొదలవుతుందయ్యా. అదే దీంతో వచ్చిన చిక్కు. కానీ నియమము?"

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అత్తగారు. "అబ్బాయ్, నొప్పులొస్తున్నాయి. ఆటో పిలిచాం. నువ్వు బయల్దేరు!"

వరహాలరావు ఇన్నాళ్ల భయమూ ఒక్కసారిగా ఎగిరిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"సార్, దెయ్యం హాజరుపట్టీలో సంతకం పెట్టాలా?"

డైరెక్టరు గారు ఆలోచించారు. హెడ్డాఫీసు వివరణ తెప్పించి చదివారు. "పోస్టే మంజూరు కాలేదు. హాజరెలా అడుగుతాం?"

"దెయ్యం ఎక్కడుందో ఎవరికైనా కనబడాలా?"

"కనబడకూడదు. కనబడితే దెయ్యమెలా అవుతుంది?"

"అయితే నేను ఇక్కడే ఉన్నట్టు అనుకోండి," అని, వరహాలరావు ఒక్క గెంతులో గుమ్మం దాటి, దొరికిన బస్సెక్కేశాడు.

తణుకు చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. నర్సు తువ్వాల్లో చుట్టి చేతుల్లో పెడితే, వరహాలరావు పదిమందీ చూస్తుండగా బావురుమని ఏడ్చాడు.

నామకరణం నాటికి సింహాచలం కబురు పంపాడు. ఆఫీసులో కొత్త సర్క్యులర్ వచ్చిందట. 'దెయ్యము శ్రీ చిట్టూరి వరహాలరావు కార్యాలయ భవనము నందు అహర్నిశలు సంచరించుచున్నట్లు పరిగణించవలెను. సిబ్బంది తగు జాగ్రత్తలు తీసుకొనవలెను.' తగు జాగ్రత్తలు తీసుకున్న సిబ్బంది ఎవరూ ఎక్కడా బయటికి రావడం లేదు. డైరెక్టరు గారు ఒక్కరే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కౌంటర్లో కూర్చుని అర్జీలు చూస్తున్నారు. జనం ఆయన్ని మహా మెచ్చుకుంటున్నారు. అప్పలనర్సమ్మ వీధిలో నీళ్లొచ్చాయి.

రత్నమాల ఆ కబురంతా విని మంచం మీంచి మొగుడి వంక ఎగాదిగా చూసింది.

"అంటే ఇప్పుడు మీరు దెయ్యమన్నమాట."

"ఇన్‌చార్జి దెయ్యాన్నే," అన్నాడు వరహాలరావు కాస్త సిగ్గుపడుతూ.

"ఇరవై నాలుగ్గంటలూ డ్యూటీయేనా?"

"అహర్నిశలూ అని రాశారు మరి."

"అయితే బాగానే ఉంది," అంది రత్నమాల అటు తిరిగి దుప్పటి కప్పుకుంటూ. "దెయ్యాలకి రాత్రిళ్లు నిద్రుండదు కదా. ఇక నుంచీ పిల్ల ఏడిస్తే మీరే లేవండి."

ఉయ్యాల్లో పిల్ల అప్పుడే మొదలుపెట్టింది. వరహాలరావు లేచి వెళ్లాడు.